ప్రీలింక్ పెట్టాలా, తీసేయాలా? పాత లైనక్స్ మెషీన్లు నడిపేవాళ్లకు పూర్తి వరుస

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో సిస్టమ్స్ చూసే కుర్రాళ్లు, పాలమూరు వైపు కాలేజీ ల్యాబ్ అసిస్టెంట్లు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న ఇది: "అన్నా, ప్రీలింక్ కొడితే పాత సిస్టమ్ స్పీడ్ అయితదా?" కొందరు అప్పటికే కొట్టేసి, వెనక్కి ఎట్ల తీయాలో తెలియక అడుగుతున్నారు. ఇద్దరికీ పనికొచ్చేలా మొదటి నుంచి వరుసగా రాస్తున్నా.

ముందే ఒక మాట చెప్తా. ప్రోగ్రామ్‌కి కావాల్సిన లైబ్రరీలను కలిపే పని ముందే చేసి పెట్టే లైనక్స్ టూల్ పేరే ప్రీలింక్. ప్రోగ్రామ్ ఓపెన్ అవ్వడానికి పట్టే టైమ్‌లో ఒక భాగాన్ని మాత్రమే ప్రీలింక్ తగ్గిస్తుంది. ఓపెన్ అయ్యాక బిల్లు ప్రింట్ అవ్వడం, డేటాబేస్ వెతకడం, బ్రౌజర్‌లో పేజీ రావడం లాంటి పనులకు దానితో సంబంధం లేదు. మీ మెషీన్ నెమ్మదితనం ఆ ఓపెనింగ్ భాగంలోనే ఉందని తేలేదాకా దాన్ని ముట్టుకోవద్దు.

కమాండ్లను ఇక్కడ పలికే తీరులోనే రాశాను. టెర్మినల్‌లో ఇంగ్లిష్‌లో, అన్నీ చిన్న అక్షరాల్లో కొట్టండి. పెద్ద అక్షరం కావాల్సిన చోట విడిగా చెప్తాను, ఎందుకంటే లైనక్స్‌లో ఆ తేడా ముఖ్యం.

## 1. మీ సిస్టమ్‌కి ఇది వర్తిస్తుందా?

సగం మంది పని ఈ మెట్టు దగ్గరే అయిపోతుంది.

టెర్మినల్ తెరిచి ఎల్‌డీడీ కమాండ్‌కి రెండు డాష్‌లు, వెర్షన్ అని కలిపి కొట్టండి. మొదటి లైన్ చివర జీలిబ్‌సీ (ప్రోగ్రామ్‌లు ఆధారపడే లైనక్స్ మూల లైబ్రరీ) వెర్షన్ నంబర్ కనబడుతుంది. 2.36 గానీ అంతకంటే పెద్దది గానీ ఉంటే ప్రీలింక్ సంగతి మర్చిపోండి. 2022లో వచ్చిన 2.35లోనే ఈ సపోర్ట్ తీసేస్తామని ప్రకటించారు, అదే ఏడాది వచ్చిన 2.36లో తీసేశారు. డెబియన్ 12లో ఉన్నది 2.36, ఉబుంటు 24.04లో ఉన్నది 2.39. వీటిలో ప్రీలింక్‌ని ఎక్కడి నుంచో తెచ్చి ఎక్కించినా, దాన్ని వాడుకోవాల్సిన లోడర్‌లో, అంటే లైబ్రరీలను మెమరీలోకి తెచ్చి కలిపే భాగంలో, ఆ కోడే లేదు.

నంబర్ 2.36 కంటే చిన్నదైతే ఇంకొకటి చూడాలి. మీరు తరచూ తెరిచే ప్రోగ్రామ్ ఫైల్ మీద రీడ్‌ఎల్ఫ్ కమాండ్‌ని డాష్ హెచ్ ఆప్షన్‌తో నడపండి. టైప్ అనే లైన్‌లో ఈఎక్స్‌ఈసీ అని వస్తే అది పాత పద్ధతి బైనరీ (కంపైల్ అయిన ప్రోగ్రామ్ ఫైల్), ప్రీలింక్ దానికి పనికొస్తుంది. డీవైఎన్ అని వస్తే అది పీఐఈ బైనరీ, అంటే ప్రతిసారీ వేరే అడ్రస్‌లో లోడ్ అయ్యేలా కట్టినది. పీఐఈ ప్రోగ్రామ్‌లకు ప్రీలింక్ లాభం రాదు. ఉబుంటు 16.10, డెబియన్ 9 నుంచి మామూలు ప్రోగ్రామ్‌లు దాదాపు అన్నీ పీఐఈగానే కడుతున్నారు. అంటే జీలిబ్‌సీ నుంచి తీసేయక ముందే కొత్త డిస్ట్రోల్లో ప్రీలింక్‌కి పని లేకుండా పోయింది.

ఇక మిగిలేవి సెంట్‌ఓఎస్ 5, సెంట్‌ఓఎస్ 6 లాంటి పాతవి. వాటిలో మీరు పెట్టకపోయినా ప్రీలింక్ తనంతట తాను రోజూ నడుస్తూ ఉండొచ్చు, చాలా మందికి ఆ సంగతి తెలియదు. సెంట్‌ఓఎస్ 6కి సెక్యూరిటీ అప్‌డేట్లు 2020 నవంబర్ 30తో ఆగిపోయాయి. అలాంటి మెషీన్ ఇంటర్‌నెట్‌లో ఉంటే ప్రీలింక్ కంటే ముందు తేల్చాల్సిన పని అది.

## 2. లోపల జరిగేది, పనికి కావాల్సినంత వరకు

పెద్ద ప్రోగ్రామ్ ఒక్కటే ఒంటరిగా నడవదు. దానికి పదుల కొద్దీ షేర్డ్ లైబ్రరీలు, అంటే చాలా ప్రోగ్రామ్‌లు ఉమ్మడిగా వాడుకునే కోడ్ ఫైళ్లు, కావాలి. ప్రోగ్రామ్ మొదలవ్వగానే డైనమిక్ లోడర్ వచ్చి వాటిని మెమరీలోకి తెచ్చి, ఎవరికి ఏ ఫంక్షన్ ఎక్కడ దొరుకుతుందో పేరు పేరునా వెతికి, ఆ అడ్రస్‌లను రాసి పెడుతుంది. దీన్నే రీలొకేషన్ అంటారు. ప్రోగ్రామ్ ఎన్నిసార్లు తెరిస్తే అన్నిసార్లూ ఈ పని మొదటి నుంచీ జరుగుతుంది.

ప్రీలింక్ ఈ పనిని ముందే చేసి ఫైల్‌లోనే రాసేస్తుంది. ప్రతి లైబ్రరీకి ఒక అడ్రస్ కేటాయిస్తుంది, ఆ లెక్కన అడ్రస్‌లన్నీ నింపేస్తుంది, అప్పుడున్న లైబ్రరీల చెక్‌సమ్‌లు (ఫైల్ మారిందో లేదో చెప్పే లెక్క సంఖ్యలు) కూడా రాసి పెడుతుంది. నల్లగొండ బస్టాండ్‌లో కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకున్నట్టే. బస్సెక్కాక వెతుక్కునే పని ఉండదు, కానీ ఆ సీటు మీది అవునో కాదో ఒకసారి చూసుకోవాలి. లోడర్ కూడా చెక్‌సమ్‌లు సరిచూస్తుంది. అన్నీ కలిస్తే రెడీగా ఉన్నది వాడుకుంటుంది, ఒక్కటి మారినా పాత పద్ధతిలో మొత్తం మళ్లీ వెతుకుతుంది.

ఆ చివరి సంగతి గుర్తుంచుకోండి. లైబ్రరీ అప్‌డేట్ అయినంత మాత్రాన ప్రీలింక్ చేసిన ప్రోగ్రామ్ ఆగిపోదు. లాభం పోతుంది, అంతే.

## 3. కొలవకుండా ముందుకు పోవద్దు

అందరూ దాటేసే మెట్టు ఇదే కాబట్టి ఇక్కడ జర ఆగి చదవండి.

"ప్రోగ్రామ్ లేట్‌గా ఓపెన్ అవుతోంది" అనే ఒక్క మాటలో మూడు వేర్వేరు సమస్యలు ఉంటాయి: డిస్క్ నుంచి చదవడం, లైబ్రరీలను కలపడం, ప్రోగ్రామ్ తన సొంత పనులు చేసుకోవడం. ప్రీలింక్ ముట్టుకునేది రెండోదాన్ని మాత్రమే.

మొదటి పరీక్ష చాలా తేలిక. మెషీన్ రీస్టార్ట్ చేసి ప్రోగ్రామ్ తెరవండి, పూర్తిగా మూసేయండి, వెంటనే మళ్లీ తెరవండి. మొదటిసారి చాలా సేపు పట్టి రెండోసారి చటుక్కున వచ్చిందంటే తప్పు డిస్క్‌ది. రెండోసారికి ఫైళ్లన్నీ ర్యామ్‌లోని క్యాష్‌లో ఉన్నాయి కాబట్టి వేగంగా వచ్చింది. లైబ్రరీలు కలిపే పని మాత్రం రెండుసార్లూ ఒకేలా జరిగింది. పాత హార్డ్ డిస్క్ మెషీన్లలో ఎక్కువగా కనబడేది ఇదే. ప్రీలింక్ మీద ఒక సాయంత్రం పెట్టే బదులు చిన్న ఎస్ఎస్‌డీ వేయించండి, తేడా కళ్లకు కనబడుతుంది.

రెండోసారి కూడా నెమ్మదిగానే ఉందా? అయితే రెండో పరీక్ష. ఎల్‌డీ అండర్‌స్కోర్ డీబగ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంది. ఈ పేరు మొత్తం పెద్ద అక్షరాల్లోనే కొట్టాలి. దానికి స్టాటిస్టిక్స్ అనే విలువ ఇచ్చి, అదే లైన్‌లో ఖాళీ వదిలి ప్రోగ్రామ్ పేరు రాసి ఎంటర్ కొట్టండి. ప్రోగ్రామ్ మొదలవుతూనే టెర్మినల్‌లో లోడర్ తన లెక్క చూపిస్తుంది. అందులో ఈ లైన్లు చూడండి:

- లోడర్‌కి పట్టిన మొత్తం స్టార్టప్ టైమ్, ఇది ప్రాసెసర్ సైకిల్స్‌లో ఉంటుంది
- అందులో రీలొకేషన్‌కి పట్టిన టైమ్, పక్కనే శాతం
- ఫైళ్లు లోడ్ చేయడానికి పట్టిన టైమ్, దానికీ శాతం
- రీలొకేషన్ల సంఖ్య

సైకిల్స్‌ని సెకన్లలోకి మార్చడానికి ప్రాసెసర్ వేగంతో భాగించండి. ఉదాహరణకు 2 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌లో 20 కోట్ల సైకిల్స్ అంటే 0.1 సెకను. ప్రోగ్రామ్ తెరుచుకోవడానికి 8 సెకన్లు పడుతుంటే, అందులో లోడర్ వాటా 0.1 సెకను అయితే, ప్రీలింక్ ఎంత బాగా పనిచేసినా మిగతా 7.9 సెకన్లు అలాగే ఉంటాయి. శాతం చూసి మోసపోవద్దు. "రీలొకేషన్ 80 శాతం" అని కనబడితే అది లోడర్ టైమ్‌లో 80 శాతం, మీరు కుర్చీలో కూర్చుని ఎదురుచూసిన మొత్తం టైమ్‌లో కాదు.

మిల్లు ధర్మకాంట దగ్గరి కంప్యూటర్‌నే తీసుకోండి. కాంటా మీదికి లారీ ఎక్కుతుంది, ఇండికేటర్ నుంచి సీరియల్ కేబుల్ ద్వారా బరువు వస్తుంది, ఆపరేటర్ లారీ నంబర్ కొట్టి స్లిప్ తీస్తాడు. ఆ ప్రోగ్రామ్ పొద్దున తెరిస్తే రాత్రి దాకా తెరిచే ఉంటుంది. రోజుకు ఒక్కసారి తెరిచేదానికి స్టార్టప్‌లో అర సెకను మిగిలినా ఎవరికి ఉపయోగం? అక్కడ లారీలు ఆగిపోయేది స్లిప్ ప్రింట్ అవ్వక, లేదా పాత రికార్డుల టేబుల్ బరువెక్కి సేవ్ అవ్వడం ఆలస్యమై. ఈ రెండింటికీ మందు ప్రీలింక్‌లో లేదు.

కొలిచాక రాసి పెట్టుకోవాల్సినవి:

- మొదటిసారి తెరిచినప్పటి టైమ్, రెండోసారి తెరిచినప్పటి టైమ్
- లోడర్ మొత్తం టైమ్, సెకన్లలోకి మార్చి
- ఆ ప్రోగ్రామ్‌ని రోజుకు సుమారు ఎన్నిసార్లు తెరుస్తారు
- ఆ మెషీన్‌లో ఒకేసారి ఎంతమంది లాగిన్ అవుతారు

## 4. లాభం ఎంత, నష్టం ఎంత

లాభాలు రెండు. మొదటిది స్టార్టప్ టైమ్. 2000ల మొదట్లో కేడీఈ లాంటి పెద్ద సీ ప్లస్ ప్లస్ డెస్క్‌టాప్‌లలో లైబ్రరీలు ఎక్కువ, పొడుగాటి సింబల్ పేర్లు (లోడర్ వెతకాల్సిన ఫంక్షన్ల లాంటి వాటి పేర్లు) ఎక్కువ, ప్రాసెసర్లు నెమ్మది. రెడ్ హ్యాట్ కంపెనీలో యాకుబ్ యెలినెక్ ప్రీలింక్ రాసింది ఆ పరిస్థితుల్లో, అప్పుడు అది నిజంగా అవసరం కూడా. తర్వాత 2006లో గ్నూ హ్యాష్ అనే కొత్త టేబుల్ వచ్చి సింబల్ వెతకడాన్నే బాగా వేగం చేసింది. దాంతో ప్రీలింక్ మిగిల్చే టైమ్ కూడా చిన్నదైపోయింది.

రెండోది మెమరీ, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మామూలుగా లోడర్ అడ్రస్‌లు రాసినప్పుడు ఆ మెమరీ పేజీలు ఆ ప్రాసెస్‌కి సొంత కాపీలుగా మారిపోతాయి. ప్రీలింక్ చేసి ఉంటే రాయాల్సిన పని తక్కువ, కాబట్టి ఎక్కువ పేజీలు అందరి మధ్యా ఉమ్మడిగా ఉండిపోతాయి. ఒకే సర్వర్ మీద ముప్పై మంది స్టూడెంట్లు థిన్ క్లయింట్ల నుంచి ఒకే డెస్క్‌టాప్ తెరిచే ల్యాబ్‌లో ర్యామ్ తక్కువైతే ఇది కనబడే తేడానే.

ఇప్పుడు నష్టాలు. అన్నిటికంటే పెద్దది సెక్యూరిటీ. లైనక్స్ సాధారణంగా ప్రతి ప్రాసెస్‌లో లైబ్రరీలను వేరే వేరే అడ్రస్‌లలో పెడుతుంది. ఏ ఫంక్షన్ ఎక్కడుందో దాడి చేసేవాడికి ముందే తెలియకూడదని ఈ ఏర్పాటు. ప్రీలింక్ చేసిన మామూలు ప్రోగ్రామ్‌లలో మాత్రం ఆ లైబ్రరీ ప్రతి ప్రాసెస్‌లోనూ ఒకే అడ్రస్‌లో ఉంటుంది. పెద్ద అక్షరం ఆర్ ఆప్షన్‌తో అడ్రస్‌లు ఈ మెషీన్‌కి ఒకలా ఆ మెషీన్‌కి ఒకలా మారతాయి, కానీ అదే మెషీన్‌లో లాగిన్ ఉన్న ఎవరైనా తన ప్రాసెస్ మ్యాప్ (ఏ లైబ్రరీ ఏ అడ్రస్‌లో ఉందో చూపే జాబితా) చూసుకుంటే మిగతావాళ్ల అడ్రస్‌లు కూడా తెలిసిపోతాయి. ముందు చెప్పిన ముప్పై మంది ల్యాబ్ ఉదాహరణలోనే చిక్కు ఉంది: లాభం ఎక్కడ ఎక్కువో, ప్రమాదం కూడా అక్కడే ఎక్కువ. అందుకే పది మంది లాగిన్ అయ్యే మెషీన్‌లో ప్రీలింక్ వద్దనే నేను చెప్తాను, ర్యామ్ మిగిలినా సరే.

రెండో నష్టం, ఫైళ్లే మారిపోతాయి. బైనరీలను తిరగరాస్తుంది కాబట్టి సైజు, చెక్‌సమ్ రెండూ మారతాయి. ట్రిప్‌వైర్ లాంటి ఫైల్ కాపలా టూల్స్ అరుస్తాయి. బ్యాకప్‌లో ప్రోగ్రామ్ ఫైళ్లన్నీ కొత్తవిగా కనబడతాయి. సెంట్‌ఓఎస్ లాంటి రెడ్ హ్యాట్ తరహా సిస్టమ్స్‌లో డిఫాల్ట్‌గా 14 రోజులకోసారి పూర్తి ప్రీలింక్ మళ్లీ నడుస్తుంది, కొత్త అడ్రస్‌లు ఇస్తుంది, కాబట్టి రెండు వారాలకోసారి బ్యాకప్ ఉబ్బుతుంది. ఎయిర్‌టెల్ డాంగిల్ మీద రాత్రిపూట బ్యాకప్ పంపేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

మూడోది, అది నడుస్తున్నంత సేపూ డిస్క్ మీద భారం. పాత హార్డ్ డిస్క్ మెషీన్‌లో అప్పుడు పని చేసుకోవడం కష్టం.

ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూశాక నా అభిప్రాయం ఇది. నెట్‌కి తగలని, ఒక్కరే వాడే, ర్యామ్ తక్కువున్న, పీఐఈ కాని పాత డిస్ట్రో నడిచే, రోజులో చాలాసార్లు పెద్ద ప్రోగ్రామ్‌లు తెరిచి మూసే మెషీన్ అయితే పెట్టుకోండి. మిగతా అన్నిచోట్లా తీసేయండి.

## 5. పెట్టుకునేవాళ్లకు వరుస

తయారీ:

- పూర్తి బ్యాకప్ తీసుకోండి, తీసింది ఒకసారి తెరిచి చూడండి
- యూపీఎస్ బ్యాటరీ నిలబడుతుందో లేదో చూడండి
- మిల్లు అయితే వడ్ల సీజన్‌లో ముట్టుకోవద్దు. వానాకాలం, యాసంగి కొనుగోళ్లు ముగిశాక చేయండి
- ముందు అప్‌డేట్లన్నీ ఎక్కించండి, ఆ తర్వాతే ప్రీలింక్

ఈ చివరి వరుస తారుమారైతే చేసిందంతా దండగ. ముందు ప్రీలింక్ చేసి తర్వాత అప్‌డేట్ చేస్తే కొత్త లైబ్రరీల చెక్‌సమ్‌లు కలవక లోడర్ పాత దారిలోనే పోతుంది.

మొదట, ఈటీసీ ఫోల్డర్‌లోని ప్రీలింక్ డాట్ కాన్ఫ్ ఫైల్ తెరవండి. డాష్ ఎల్‌తో మొదలయ్యే లైన్లు వెతకాల్సిన ఫోల్డర్లు, డాష్ బీతో మొదలయ్యేవి వదిలేయాల్సినవి. సొంతంగా చెక్‌సమ్ చూసుకునే లైసెన్స్ సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉంటే దాని ఫోల్డర్‌ని డాష్ బీ లైన్‌లో చేర్చండి. ఇది మర్చిపోతే ఆ సాఫ్ట్‌వేర్ "ఫైల్ మారింది" అని మొరాయిస్తుంది.

తర్వాత, కింద చెప్పే అసలు రన్ కమాండ్‌కే డాష్ ఎన్ ఆప్షన్ కలిపి ఒకసారి నడపండి. ఇది ఉత్తుత్తి రన్, ఫైళ్లేవీ మారవు. ఎర్రర్లు కనబడితే ఇక్కడే తేల్చుకోండి.

అసలు రన్‌కి రూట్ యూజర్‌గా ప్రీలింక్ అని రాసి, డాష్ తర్వాత ఏ, వీ, ఎం చిన్న అక్షరాలు, ఆర్ పెద్ద అక్షరం కలిపి కొట్టండి. ఏ అంటే కాన్ఫిగ్‌లో ఉన్న ఫోల్డర్లన్నీ. వీ అంటే చేస్తున్నది తెరమీద చూపించు. ఎం అంటే ఎప్పుడూ కలిసి రాని లైబ్రరీలకు అడ్రస్ స్థలాన్ని పంచు, 32 బిట్ మెషీన్‌లో ఇది లేకుంటే స్థలం సరిపోకపోవచ్చు. ఆర్ అంటే అడ్రస్‌లు ఈ మెషీన్‌కే ప్రత్యేకంగా ఉండేలా యాదృచ్ఛికంగా ఎంచు, దీన్ని ఎప్పుడూ వదలొద్దు.

అయ్యాక మూడో మెట్టులోని స్టాటిస్టిక్స్ పరీక్ష మళ్లీ చేయండి. రీలొకేషన్ల సంఖ్య సున్నాకో దాని దగ్గరికో పడిపోవాలి. పడకపోతే ఆ ప్రోగ్రామ్‌కి ప్రీలింక్ అందలేదన్నమాట. పడినా మీ గడియారంలో తేడా లేకపోతే, నేరుగా ఆరో మెట్టుకు వెళ్లి తీసేయండి.

## 6. తీసేసేవాళ్లకు వరుస

ఇక్కడ వరుసే ప్రాణం. ముందు ఆపాలి, తర్వాత ఫైళ్లను పాత స్థితికి తేవాలి, ఆ తర్వాతే ప్యాకేజీ తీసేయాలి. ఎక్కువ మంది నేరుగా మూడోది చేసేస్తారు, అప్పుడు మార్చిన బైనరీలన్నీ అలాగే ఉండిపోతాయి, వాటిని వెనక్కి తెచ్చే టూల్ మాత్రం పోతుంది.

మొదట, ప్రీలింక్ ఉందో లేదో తేల్చుకోండి. ఏదైనా ప్రోగ్రామ్ ఫైల్ మీద రీడ్‌ఎల్ఫ్ కమాండ్‌ని పెద్ద అక్షరం ఎస్ ఆప్షన్‌తో నడపండి. సెక్షన్ల జాబితాలో గ్నూ ప్రీలింక్ అన్‌డూ అనే పేరు కనబడితే ఆ ఫైల్ ప్రీలింక్ అయినదే. అసలు ఫైల్‌కి తిరిగి వెళ్లడానికి కావాల్సిన సమాచారం ఆ సెక్షన్‌లోనే ఉంటుంది.

రెండు, రోజువారీ రన్‌ని ఆపండి. రెడ్ హ్యాట్ తరహాలో ఈటీసీ కింద సిస్‌కాన్ఫిగ్ ఫోల్డర్‌లో, డెబియన్ తరహాలో ఈటీసీ కింద డిఫాల్ట్ ఫోల్డర్‌లో ప్రీలింక్ అనే ఫైల్ ఉంటుంది. అందులో పెద్ద అక్షరాల్లో ఉన్న ప్రీలింకింగ్ అనే లైన్ విలువను నో అని మార్చి సేవ్ చేయండి.

మూడు, రూట్‌గా ప్రీలింక్ కమాండ్‌ని డాష్ యూ ఏ ఆప్షన్‌తో నడపండి. యూ అంటే వెనక్కి తీయి, ఏ అంటే అన్నీ. పాత మెషీన్‌లో ఇది కాస్త సేపు పడుతుంది, మధ్యలో ఆపొద్దు. రెడ్ హ్యాట్ తరహా సిస్టమ్‌లో పైన రెండోదిగా చెప్పిన విలువ మార్చడం మాత్రమే చేసి వదిలేసినా, మరుసటి రోజువారీ రన్ ప్రీలింక్ క్యాష్ ఫైల్ ఇంకా ఉందని గమనించి తానే అన్నిటినీ వెనక్కి తీస్తుంది. అయినా రాత్రిపూట మెషీన్ ఆపేసే చోట్ల ఆ రన్ ఎప్పుడు జరుగుతుందో చెప్పలేం, కాబట్టి చేత్తో చేయడమే మంచిది.

నాలుగు, మెషీన్ రీస్టార్ట్ చేయండి. అప్పటికే నడుస్తున్న ప్రోగ్రామ్‌లు పాత ఫైళ్లనే పట్టుకుని ఉంటాయి, రీస్టార్ట్‌తో అవి వదిలేస్తాయి.

ఐదు, ఈ వరుస మొదట్లో చేసిన రీడ్‌ఎల్ఫ్ పరీక్షే మళ్లీ చేయండి, ఆ సెక్షన్ కనబడకూడదు. తర్వాత, రెడ్ హ్యాట్ తరహా సిస్టమ్ అయితే, ప్యాకేజీలను చూసుకునే ఆర్‌పీఎం కమాండ్‌ని పెద్ద అక్షరం వీ, చిన్న అక్షరం ఏ ఆప్షన్లతో నడిపి ప్యాకేజీ ఫైళ్లు అసలువాటితో కలుస్తున్నాయో చూడండి. కాన్ఫిగ్ ఫైళ్లు తేడాగా కనబడితే ఫరవాలేదు, మీరు మార్చినవే అవి. యూఎస్‌ఆర్ కింద బిన్, లిబ్ ఫోల్డర్లలోని ఫైళ్లకు చెక్‌సమ్ తేడా రాకూడదు.

ఆరు, ఇప్పుడు ప్యాకేజీ తీసేయండి. ఈటీసీలో ప్రీలింక్ డాట్ క్యాష్ ఫైల్ మిగిలితే దాన్ని కూడా తుడిచేయండి. ఫైల్ కాపలా టూల్ ఏదైనా వాడుతుంటే దాని డేటాబేస్‌ని ఈ శుభ్రమైన స్థితి నుంచి కొత్తగా కట్టండి, లేకపోతే రేపటి రిపోర్ట్‌లో వందల ఫైళ్లు మారాయని వచ్చి అనవసరంగా టెన్షన్.

## 7. ఎక్కువగా వచ్చే ఇబ్బందులు, వాటి దారులు

డిపెండెన్సీ మారిందనే ఎర్రర్. ఆర్‌పీఎంతో సరిచూస్తుంటే "ప్రీలింక్ చేశాక ఈ ఫైల్ ఆధారపడే వాటిలో ఒకటైనా మారింది" అన్న అర్థంతో లైన్లు వస్తాయి. హ్యాక్ అయిందని కంగారు పడొద్దు. అప్‌డేట్ అయిన తర్వాత ప్రీలింక్ మళ్లీ నడవలేదు, అంతే. ఉంచుకోవాలంటే ప్రీలింక్ మళ్లీ నడపండి, తీసేయాలంటే ఆరో మెట్టు.

ప్యాకేజీ ముందే తీసేశారు. అదే ప్యాకేజీని మళ్లీ ఎక్కించి, డాష్ యూ ఏ నడిపి, అప్పుడు తీసేయండి. ప్యాకేజీ దొరక్కపోతే మార్పు జరిగిన ప్యాకేజీలను డిస్ట్రో ఇన్‌స్టాల్ డిస్క్ నుంచి తిరిగి ఎక్కించాలి. ఎక్కువ పని, కానీ దారి అది.

ఒక ఫైల్ నిజంగా పాడైందా, ప్రీలింక్ వల్ల మారిందా? ప్రీలింక్ కమాండ్‌ని డాష్ వై ఆప్షన్‌తో, రెండు డాష్‌లు ఎండీ5 కలిపి ఆ ఫైల్ మీద నడపండి. ప్రీలింక్‌కి ముందున్న అసలు ఫైల్ చెక్‌సమ్ చూపిస్తుంది. దాన్ని ప్యాకేజీలోని ఎండీ5 చెక్‌సమ్‌తోనే పోల్చండి, వేరే రకం చెక్‌సమ్‌తో కాదు. కలవకపోతే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు, ఆ మెషీన్‌ని నెట్ నుంచి తీసి చూడండి.

అన్నీ చేసినా రీలొకేషన్ల సంఖ్య తగ్గలేదు. మూడు కారణాలు చూడండి. ప్రోగ్రామ్ పీఐఈ అయి ఉండొచ్చు. ఎల్‌డీ ప్రీలోడ్ వేరియబుల్‌తో ఇంకో లైబ్రరీ ముందే ఎక్కుతూ ఉండొచ్చు, అప్పుడు లైబ్రరీల జాబితా కలవదు కాబట్టి ప్రీలింక్ సమాచారం పక్కకు పోతుంది. లేదా అసలు బరువు ప్లగిన్లలో ఉండొచ్చు. ప్రోగ్రామ్ నడుస్తూ మధ్యలో తెచ్చుకునే ప్లగిన్లకు ప్రీలింక్ సాయం చేయదు.

ఎల్‌ఎస్‌ఓఎఫ్‌లో (తెరిచి ఉన్న ఫైళ్లు చూపించే కమాండ్) పేరు మధ్య ప్రీలింక్ అని ఉండి, డిలీట్ అయినట్టు కనబడే ఫైళ్లు. ప్రీలింక్ ఫైల్‌ని పక్కన కొత్తగా రాసి పాతదాని స్థానంలో పెడుతుంది. నడుస్తున్న సర్వీసులు పాతదాన్నే వాడుతుంటాయి కాబట్టి అలా కనబడుతుంది. ఆ సర్వీసులు రీస్టార్ట్ చేయండి.

మధ్యలో కరెంట్ పోయింది. ఒక్కో ఫైల్‌ని పక్కన రాసి చివర్లోనే పేరు మారుస్తుంది కాబట్టి సగం రాసిన ఫైల్ అసలు స్థానంలోకి రావడం అరుదు. మెషీన్ లేచాక డిస్క్ చెక్ పూర్తి కానివ్వండి, మొదలుపెట్టిన కమాండ్‌నే మళ్లీ నడపండి, తర్వాత ఆర్‌పీఎంతో సరిచూడండి.

## 8. ప్రీలింక్ లేకుండా స్టార్టప్ తగ్గించే దారులు

డిస్క్ సమస్య అయితే ఎస్ఎస్‌డీ, ర్యామ్ సమస్య అయితే ర్యామ్. ఈ రెండింటి గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

స్క్రిప్ట్‌లో ఒకే ప్రోగ్రామ్‌ని లూప్‌లో వేలసార్లు పిలుస్తుంటే స్క్రిప్ట్‌ని మార్చండి. ప్రతి బిల్లుకి ప్రోగ్రామ్ కొత్తగా తెరిచే బదులు, బిల్లులన్నీ ఒకేసారి ఇచ్చి ఒక్కసారే తెరవండి. ఏ లింకింగ్ ట్రిక్కూ ఇవ్వనంత లాభం ఇక్కడ దొరుకుతుంది.

సాఫ్ట్‌వేర్ మీరే కంపైల్ చేస్తుంటే ఇంకా బలమైన దారులు ఉన్నాయి:

- లింకర్‌కి యాజ్ నీడెడ్ ఆప్షన్ ఇవ్వండి, అవసరం లేని లైబ్రరీలు జాబితాలోంచి పోతాయి
- లైబ్రరీ రాస్తుంటే విజిబిలిటీ హిడెన్ ఆప్షన్ వాడి, బయటివాళ్లకు కావాల్సిన ఫంక్షన్లు మాత్రమే కనబడనివ్వండి. వెతకాల్సిన సింబల్స్ తగ్గుతాయి
- హ్యాష్ స్టైల్ గ్నూ ఉందో లేదో చూడండి, కొత్త డిస్ట్రోల్లో మామూలుగా ఉంటుంది
- ఒక్క చిన్న టూల్ అయితే స్టాటిక్‌గా లింక్ చేయడం గురించి ఆలోచించండి. లైబ్రరీలో సెక్యూరిటీ లోపం బయటపడినప్పుడల్లా మళ్లీ కంపైల్ చేయాల్సిన బాధ్యత అప్పుడు మీదే

కొత్త లింకర్లలో రీలొకేషన్ టేబుల్‌ని కుదించే ఆప్షన్ ఇంకొకటి వచ్చింది, ప్యాక్ రిలేటివ్ రీలాక్స్ అంటారు. అడ్రస్‌ల యాదృచ్ఛికత చెడకుండానే ఫైల్ సైజు తగ్గుతుంది. కానీ దాన్ని చదవడానికి జీలిబ్‌సీ 2.36 కావాలి. అలా కట్టిన ప్రోగ్రామ్‌ని పాత సెంట్‌ఓఎస్ మెషీన్‌కి కాపీ చేస్తే ఎర్రర్ చూపించి అక్కడే ఆగిపోతుంది. కాబట్టి ఆ ఫైల్ ఏ ఏ మెషీన్లకు పోతుందో ముందు జాబితా రాసుకుని, ఒక్క పాతది ఉన్నా ఆ ఆప్షన్ లేకుండానే కట్టండి.